పదకొండో నంబరు

రాస్ అల్ ఖైమాల, కొండలు అయిపోయి ఇసుక మొదలయ్యే కాడ
గురి నేర్పే క్లబ్బు.
పొద్దంత పేలిన పిస్తోళ్లను
రాత్రి విప్పి, తుడిచి, నూనె చుక్కేసి
మళ్ల బిగించుడు నా పని.
నా పేరు లింబాద్రి. నోరు తిరగక లేమూన్ అంటరు,
నిమ్మకాయ అన్నట్టు.

మొన్న బేస్తారం మేనేజర్ జాద్ సాబ్
బల్ల మీద ఐదింటిని వరుసగ వెట్టిండు.
"కిరాయికిచ్చేటివి ఇరవై కొనాలె. అన్నీ ఒక్క తీరుయే.
నిండు సైజు, తనంతట తనే తూటా ఎక్కించుకునేది.
ఏది మొరాయించదో చెప్పుండ్రి."

రొమెల్ అల్కటిది ఎత్తిండు,
"పొద్దంత పట్టుకునేటోన్ని నేను" అన్నడు.
షేర్ జమాన్ ఉక్కుది పట్టి మీసం సర్దుకున్నడు,
వజనుంటెనే ఇజ్జతట.
లెక్కల సజీవన్ ధర చీటీలే చూసిండు, పిస్తోలును చూడలే.
ఇంకోడు కంపెనీ పేరు జూసి మురిసిండు.
అందరు నవ్వినంక, నవ్వుకే,
"లేమూన్, నువ్వు జెప్పు" అన్నరు.

నేను నోటుబుక్కు తెచ్చిన.

సిరిసిల్లల సాంచ నడిపిన తొమ్మిదేండ్లు
రాసుడు అలవాటైంది:
ఇన్ని మీటర్లు, ఇన్ని పోగులు తెగినయి, ఇన్ని మార్లు ఆగింది.
ఆసామి లెక్క ఒకటుంటది, మన లెక్క మనకుండాలె.
ఈడ గూడ గంతే.
నంబరు, పేలిన తూటాలు, ఇరికిన తూటాలు.

అల్కటిది, నాలుగో నంబరు: వెయ్యికి ఆరు మార్లు.
ఖాళీ గొట్టం బయటికి రాక
పొయ్యి మీది పొగగొట్టం లెక్క నిలవడ్తది.
ఉక్కుది అందమే. గాలిదుమారం లేసిన్నాడు
గొంతుల ఇసుక వడ్డదా, ఇగ దగ్గుడే.
ధర తక్కువదానికి స్ప్రింగు మూన్నెల్లకే సోలిపాయె.

పదకొండో నంబరు
నలుపు వెలిసింది, అంచులు తెల్లవడ్డయి.
ఎవ్వరు ఫొటో దిగరు దానితోని.
చెమట చేతులోళ్లకు, తొలిసారి వచ్చినోళ్లకు అంటగడ్తం.
ఎనిమిది వేల నలభై తూటాలు. ఇరికింది రెండే మార్లు.
ఆ రెండు గూడ దాని తప్పు గాదు,
మణికట్టు వదులైతె ఎంత మంచిదైనా ఇరుకుతది.

రాయకముందే నాకు ఎర్కే అనుకోండ్రి.
కండ్లు మూసి, స్లయిడు ఎనుకకు గుంజి ఇడిస్తె
నాడె ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టినట్టు
ఒక్కటే సప్పుడు, నడుమ నసుగుడు లేదు.
చెడిపోయే నాడె ముంగటే చెప్తది,
ఇననోనికే పోగులు తెగుతయి.

సాంచ ఆగకుంటె బట్ట పెరుగుతది.
ఇది ఆగకుంటె తూట్లు పెరుగుతయి.
బట్టల ఒక్క తూటు వడ్డా
కూలి కోసేటోడు ఆసామి.
ఈ ముచ్చటకు నోటుబుక్కుల గడి గీయలే నేను.

జాద్ సాబ్ పుటలు తిప్పిండు, నన్ను జూసిండు.
"ఎన్నడన్న పేల్చినవా?"
లేదన్న.
చెవులకు డిప్పలు వెట్టి, ఆరో వరుసల నిలవెట్టి
పదకొండును చేతిలవెట్టిండు.
పిడి నిండుగ అరచేతికి ఆనింది,
ఏ పనిముట్టైనా ఆనినట్టే.
దాని బరువు నాకు తెల్వందా, రోజు మోసేదే.
లోపల తూటాలున్న బరువు తెల్వది.

ఒకటి పేలింది.
కాయితం మీద ఏడనో, అంచుకు.
రెండోది పేలి, దాని ఖాళీ గొట్టం ఇరికింది.

ఎవ్వరు నవ్వలే. రొమెల్ వచ్చి
సప్పుడు లేకుంట విడిపిచ్చిండు.
ఇరవైకి ఆర్డరు పదకొండుదే పోయింది.

ఆ రాత్రి దాన్ని విప్పి చూసిన. లోపలంత సాఫే.
నోటుబుక్కుల ఎనిమిది వేల నలభై కొట్టేసి
ఎనిమిది వేల నలభై రెండు రాసిన.
ఇరికింది: మూడు.
పక్కన, చిన్నక్షరాలల్ల:
చెయ్యి లింబాద్రిది.